ఏడుపాయల జాతరలో వీగన్ నియమం: యాట నుంచి పాల దాకా

మెదక్ పట్టణానికి చేరువలో, పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీరా నది ఏడు పాయలుగా చీలి మళ్లీ ఒకటవుతుంది. ఆ పాయల నడుమ బండరాళ్ల మాటున వనదుర్గా భవాని కొలువై ఉంది. మహాశివరాత్రికి మొదలయ్యే మూడు రోజుల జాతరలో తొలినాడు ఉపవాసం, జాగరణ. మరునాడు అలంకరించిన ఎడ్లబండ్లు గుడి చుట్టూ తిరుగుతాయి. మూడోనాడు రథోత్సవం. మొక్కు ఉన్నవాళ్లు యాటనో కోడినో కోసి, ఏటి ఒడ్డున చెట్ల కింద వండి, అమ్మవారికి నైవేద్యం పెట్టి బంధువులతో కలిసి తింటారు. జంతువు నుంచి వచ్చినదేదీ తినకూడదు, వాడకూడదు అనే వీగన్ నియమం పట్టినవారికి ఇక్కడ చిక్కు యాట దగ్గరే మొదలవుతుందని అనిపిస్తుంది. నిజానికి అంతకంటే పెద్ద చిక్కు పాల దగ్గర ఉంది.

‘వీగన్’ అనే మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు పాలు, గుడ్లు కూడా మానిన శాకాహారులకు వేరే పేరు కావాలనుకొని ఈ మాటను కల్పించి, వీగన్ సొసైటీని స్థాపించారు. తిండి, బట్ట, ఇతర అవసరాలన్నింటిలోనూ జంతువులను హింసించడం, వాడుకోవడం సాధ్యమైనంత వరకు మానుకోవడం ఈ జీవనవిధానం. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పట్టు, తోలు, ఉన్ని అన్నీ ఆ నిషేధంలోకి వస్తాయి.

భారతీయ శాకాహారం వేరే దారిలో వచ్చింది. అందులో రెండు భావాలు పెనవేసుకొని ఉన్నాయి: ఒకటి శుచి, రెండోది అహింస. శుచి లెక్కలో ఆవుపాలు, నెయ్యి అన్నింటికంటే పవిత్రం; ఉల్లి, వెల్లుల్లి, కల్లు మైల. ఈ లెక్క ఎవరి చేతి వంట ఎవరు తినాలన్న కులకట్టుబాట్లతోనూ కలిసిపోయింది. అహింస లెక్కలో అడగాల్సింది ఒక్కటే: దీనివల్ల ఏ ప్రాణికి బాధ కలిగింది? రెండు లెక్కలూ మాంసం దగ్గర కలుస్తాయి గనుక ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. పాల దగ్గరికి వచ్చేసరికి విడిపోతాయి.

శివరాత్రి నాడు శివాలయాల్లో జరిగే పంచామృతాభిషేకమే దీనికి ఉదాహరణ. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర అనే అయిదింటిలో నాలుగు ప్రాణుల నుంచి తీసుకున్నవే. అటు జాతరలో అమ్మవారికి సాకపోసే కల్లు, దానితో నంజుకునే గుడాలు (ఉడికించిన గింజలు) చెట్టు నుంచి, చేను నుంచి వచ్చినవి. శుచి పాటించే శాకాహారికి పంచామృతం తీర్థం, కల్లు నిషిద్ధం. వీగన్ తూకంలో ఈ వరుస తలకిందులవుతుంది. యాటను కోసేవారిని తప్పుపట్టి అభిషేకానికి పాలు పోసేవారిని మినహాయించే వీలు ఆ సిద్ధాంతంలో లేదు.

బలి మీద చర్చ ఈ నేలకు కొత్త కాదు. పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు సర్పయాగం చేసింది ఇక్కడేనని ఏడుపాయల స్థలపురాణం చెబుతుంది. ఆ యాగకథకు ముందు ఆదిపర్వంలో రురుడి కథ వస్తుంది. పాము కాటుకు చనిపోయిన ప్రియురాలిని తన ఆయుష్షులో సగమిచ్చి బతికించుకున్న రురుడు, ఆ కోపంతో కనబడిన పామునల్లా చంపుతుంటాడు. విషంలేని డుండుభం ఒకటి అతనికి అడ్డుపడి, ఏ ప్రాణినీ హింసించకపోవడమే పరమధర్మమని బోధిస్తుంది. సర్పయాగాన్నీ చివరికి ఆస్తీకుడనే ముని ఆపిస్తాడు. అలా యాగం జరిగిందని చెప్పుకునే స్థలానికి, దాన్ని నిలిపివేసిన కథ కూడా అంటిపెట్టుకొని ఉంది.

ఇంకా సూటిగా ఈ ప్రశ్నను ఎత్తుకున్నవారు జైనులు. వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో, గంగాధరలో ఉండి, సోమదేవసూరి 959లో ‘యశస్తిలక చంపువు’ పూర్తిచేశాడు. అందులో యశోధర రాజు ప్రాణిబలికి ఒప్పుకోడు. తల్లి ఒత్తిడి మీద పిండితో చేసిన కోడిని దేవతకు బలి ఇస్తాడు. ఆ పాపానికే తల్లీకొడుకులిద్దరూ జంతుజన్మలెత్తి మళ్లీ మళ్లీ చావాల్సి వస్తుంది. ఇక్కడ రక్తం చుక్క కూడా చిందలేదు. చంపాలనే సంకల్పమే హింస అయింది. తరువాత 13వ శతాబ్దంలో మధ్వాచార్యులు యజ్ఞాల్లో పశువుకు బదులు పిండితో చేసిన పశువు చాలన్నారు. నేటికీ బలికి బదులు గుమ్మడికాయ కొట్టే ఆచారం ఈ రెండో దారికి దగ్గర. పిండికోడి వల్ల ప్రాణి బాధపడలేదు గనుక వీగన్ ఆలోచనలో అది దోషం కాదు. అయితే అభిషేకపు పాల వెనుక చంపాలనే సంకల్పం లేదు గనుక దోషం లేదనే వాదనను ఆ ఆలోచన అంగీకరించదు. బాధ కలిగిందా లేదా అన్నదే దానికి గీటురాయి.

పాలలో హింస ఎక్కడుందన్నది మెదక్ పల్లెల్లో తరచు వినిపించే ప్రశ్న. బర్రె ఇంటి మనిషిలాంటిది. దుడ్డె తాగాకే పిండుకుంటాం అంటారు. ఒకటి రెండు పశువులున్న ఇంట్లో ఈ మాటకు విలువ ఉంది. కానీ 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ అనే పాడి అభివృద్ధి పథకం తరువాత పాలు ఇంటి సరుకుగా మిగలలేదు. 2023-24లో దేశంలో దాదాపు 24 కోట్ల టన్నుల పాలు ఉత్పత్తి అయ్యాయి. ట్రాక్టరు వచ్చాక మగదూడకు దుక్కిలో పని పోయింది, దున్నపోతుకైతే మరీ. వట్టిపోయిన బర్రె, పనికిరాని దున్న చివరికి సంతకు, అక్కడి నుంచి కబేళాకు చేరతాయి. పాల వ్యాపారం, మాంసం వ్యాపారం ఒకే పశువు తాలూకు రెండు కొసలు.

గాంధీ ఈ ముడిని ముందే చూశాడు. ఆవులను, బర్రెలను పితికేవారు పెట్టే బాధల గురించి తెలుసుకొని 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానేశాడు. 1918లో తీవ్రంగా జబ్బుపడి కోలుకోలేకపోతున్నప్పుడు, ఆవు, బర్రెపాలు కదా వద్దన్నది అని కస్తూర్బా గుర్తుచేస్తే మేకపాలకు ఒప్పుకున్నాడు. వ్రతంలో అక్షరం నిలిచింది, ఆత్మ పోయిందని ఆయన తన ఆత్మకథలో బాధపడ్డాడు.

వీగన్ నియమానికి వచ్చే బలమైన ఆక్షేపణకు మూలం మహాభారతంలోనే ఉంది. అరణ్యపర్వంలో మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు కౌశికుడికి ధర్మం చెబుతూ, నాగలి కదిలితే నేలలోని పురుగులు చస్తాయని, నడకలో, నిద్రలో కూడా హింస తప్పదని అంటాడు. మంజీరా కింద వరి పండించే రైతుకు ఇది అనుభవమే. అలాంటప్పుడు పాలు మానడం వల్ల ఒరిగేదేమిటి? ధర్మవ్యాధుడి మాట అక్కడితో ఆగలేదు. హింస పూర్తిగా తప్పకపోయినా, ప్రయత్నంతో దాన్ని తగ్గించవచ్చునని కూడా అతనే అంటాడు. వీగన్ నిర్వచనంలోని ‘సాధ్యమైనంత వరకు’ అన్న మాటకూ దీనికీ తేడా లేదు. మేతగా వేసే గింజలకు కూడా నాగలి కదలాల్సిందే గనుక, దుక్కి హింస పాలను వెనకేసుకురాదు.

ఆచరణలో చూస్తే మెతుకుసీమ అని పిలిచే మెదక్ తిండి ఈ నియమానికి మరీ దూరం కాదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, పప్పు, నువ్వులపొడి, సర్వపిండి, మక్కగారెలు, నూనెలో వేయించిన సకినాలు పాలూ నెయ్యీ అవసరం లేని వంటలే. జహీరాబాదు చుట్టుపక్కల మహిళా సంఘాలు కాపాడిన చిరుధాన్యాలు, పప్పుధాన్యాలు మాంసకృత్తుల లోటు చాలావరకు తీరుస్తాయి. బి12 విటమిన్ మాత్రం మొక్కల తిండిలో నమ్మదగినంతగా దొరకదు. మాత్రల రూపంలోనో, దాన్ని కలిపిన ఆహారంతోనో తీసుకోక తప్పదు. ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్క ఇక్కడ సరిపోదు, పాలు కలిసినవాటికీ అదే గుర్తు. అందుకే ఆహార భద్రతా సంస్థ 2022 నిబంధనలతో వీగన్ ఆహారానికి వేరే గుర్తు ఏర్పరచింది.

బలి మీది చట్టాలు మాత్రం ఈ తేడాల జోలికి పోవు. తెలుగు రాష్ట్రాల్లో అమలులో ఉన్న 1950 నాటి చట్టం ఆలయ ఆవరణలో జంతువులను, పక్షులను బలి ఇవ్వడాన్ని నిషేధించింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 28వ సెక్షను మతాచారం కోరే పద్ధతిలో జరిపే వధను నేరం కాదంటుంది. పాడి గురించి ఆ నిషేధం గానీ, ఈ మినహాయింపు గానీ అడగవు.

అసలు కష్టం పొత్తులో ఉంది. తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవారిలో దాదాపు 99 శాతం మాంసాహారులేనని 2014 నమూనా సర్వే తేల్చింది. జాతరలో యాటకూర ఒక వంటకమే కాదు; మొక్కు తీరిందనడానికి గుర్తు, బంధువులను కలిపే బువ్వ. దాన్ని వద్దనడం చుట్టరికాన్ని కాదన్నట్టు వినిపించవచ్చు. శుచి పేరుతో వద్దంటే, తినేవారిని తక్కువ చేసినట్టే అవుతుంది. అహింస పేరుతో వద్దనేవారు పట్టుచీరను, అభిషేకపు పాలను, డప్పు మీది తోలును కూడా అదే ప్రశ్న అడగాలి. అప్పుడే ఆ వద్దనడం కులపు మాట కాకుండా నియమంగా నిలుస్తుంది. అలాంటి నియమం ఉన్నవారికీ జాతర పొత్తులో చోటుంది: అదే చెట్టు కింద, అదే పొయ్యి మీద వండిన అన్నం, పచ్చిపులుసు, గుడాలు.