లక్కమ్మ కొలత



కల్యాణపురమున ఆయ్దక్కి మారయ్య అను శరణుడుండెను. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆతని కాయకము. ఆ గింజలతోనే ఆ యింట దాసోహము సాగుచుండెడిది. ఒకనాడాతడు నిత్యముకంటె అధికముగా బియ్యము తెచ్చెను. ధర్మపత్ని లక్కమ్మ సంతసింపలేదు. అవసరమునకు మించినదానిని తెచ్చినచోటనే విడిచి రమ్మని భర్తను మరల పంపెను. దాసోహము పేరిటనైనను ఆశతో కూర్చినది శివునకు ఒప్పదని ఆ తల్లి భావము.

గింజలేరుకొను యింటనే ఇట్టి కొలత యుండగా, గాదెలు నిండిన యిండ్లలో ఎట్టి కొలత యుండవలెను?

శివుని యెదుట అందరును సమానులే గదా, ధనికునిపై పన్ను శాతము అధికమేల యని కొందరందురు. కూలివాని నూరు రూపాయలలో పది పోయినచో ఆ పూట బిడ్డల కంచమున మెతుకులు తగ్గును. లక్షాధికారి లక్షలో పదివేలు పోయినను ఆతని పొయ్యి ఆరదు. సమాన శాతము సమాన భారము కాదు. రైతు నీరసపు ఎద్దు వైపున కాడిని కొంత పొడవుగా నుంచి దాని బరువు తగ్గించును. దానిని అన్యాయమని ఎవ్వరనెదరు?

పైగా సబ్బు, అగ్గిపెట్టెల వెలలో ఇమిడియున్న పన్నును కూలివాడును ధనికునితో సమముగనే చెల్లించుచున్నాడు. ఆ హెచ్చుతగ్గును కొంత సరిదిద్దునదే మెట్లుగా పెరుగు ఆదాయపు పన్ను. పై మెట్టు శాతము ఆ మెట్టులోని ఆదాయమునకే గాని మొత్తమునకు కాదు. సంపద కొందరి చేతులలో కేంద్రీకృతమై ప్రజలకు హాని కలుగరాదని మన రాజ్యాంగపు 39వ అధికరణము చెప్పుచున్నది.

అయినను కాడి విరుగునంత బరువు మోపరాదు. 1973-74లో అత్యున్నత శ్రేణి ఆదాయముపై సర్‌చార్జితో కలిపి పన్ను నూటికి 97.75 రూపాయలయ్యెను. అట్టి పన్ను దాచుటకే దారితీయునని గ్రహించి పిదప దానిని తగ్గించిరి. 1953 నాటి ఎస్టేటు సుంకము 1985లోను, 1957 నాటి సంపద పన్ను 2015లోను తొలగినవి. సాధనములు మారవచ్చును, కలవాడు లేనివానికి బాధ్యుడను ధర్మము మారదు.

పన్ను సొమ్ము దుర్వినియోగమగుచుండగా చెల్లింపనేల యను ప్రశ్నయు కలదు. బసవేశ్వరుడు బిజ్జలుని భండారి. ఆయన రాజధనమును జంగములకు వెచ్చించుచున్నాడని కొందరు కొండెములు చెప్పగా, భండారమును లెక్కించి చూచిన ఒక్క మాడయు తక్కువ కాలేదని బసవపురాణ కథ. పాలకులనుండి అట్టి లెక్కను అడుగవలసినదే. అయితే తన లెక్కను సరిగా చూపినవానికే ఆ అడుగు హక్కు నిలుచును.

రెండు చిట్టాలు వ్రాసి, దాచిన సొమ్ములో కొంత మఠమునకిచ్చి, శిలాఫలకముపై పేరు చెక్కించుకొనుట దాసోహము కాదు. ఆ సొమ్ము మఠపు గడప చేరిననాడు, లక్కమ్మ మారయ్యను నిలదీసినట్లే మఠమును దాతను నిలదీయవలెను. అధికమును మరల పంపగల గడపయే శరణుల గడప.