కొనడం దానమా?

సిద్దిపేట జిల్లా చేర్యాలలో చింతగింజల జిగురు, రంపపు పొట్టు, కొబ్బరి చిప్పలతో చేసే మాస్కులు పండగపూట గోడకు గొప్ప అందం. ప్లాస్టిక్ తోరణాల్లా చెత్తకుప్పలో ఏళ్లతరబడి మిగిలిపోయే సరుకు కాదది. ఇలాంటి వస్తువును వికలాంగుడైన కళాకారుడు చేస్తే, దాన్ని కొనడం దానమవుతుందా? కాదనే నా వాదన. దానంలో ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది. న్యాయమైన బేరంలో ఇద్దరూ సమానులే. దంతం విరిగిన వినాయకుణ్ణి చూసి మనమెవరమూ జాలిపడం, ఆ దంతంతోనే భారతం రాశాడని చేతులు జోడిస్తాం. మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పనిని వదిలేసి లోపాన్నే చూస్తాం. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

వైకల్యం సంగతి చెప్పకపోతే అమ్మకాలు తగ్గుతాయని కొందరంటారు. జాలి ఒక పండక్కి గిరాకీ తేగలదు, ఒప్పుకుంటాను. మరుసటి ఏడు? పుణ్యం కోసం కొన్నవాడికి అది ఒక్కసారితోనే దక్కింది. పనితనం నచ్చినవాడే మళ్లీ వెతుక్కుంటూ వస్తాడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, సమానత్వాన్ని హక్కుగా రాసింది. ఆ హక్కు అంగట్లో పూర్తి ధరగా, పనిచోట ర్యాంపుగా, చేతికి అనువైన పనిముట్టుగా కనబడాలి.