సున్నా కనబడితే ఆగమ్మా

అమ్మలూ, మీ బడిలో మార్కులన్నీ ఇకమీదట కంప్యూటర్లోనే ఎక్కించమన్నారని మొన్న ఫోన్లో సంబరంగా చెప్పావు. సంబరమే మరి. ప్రోగ్రెస్ కార్డులు చేత్తో రాసే కాలంలో మేం అర్ధరాత్రి దాకా కూడికలు వేసేవాళ్లం, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఇంకోసారి. ఆ చాకిరీ పోయినందుకు నాకే దిగులూ లేదు. ఏ పిల్ల ఏ పాఠం దగ్గర వెనకబడుతోందో ఏడాది చివర కాక, జూలైలోనే తెలిస్తే అంతకన్నా ఏం కావాలి!

ఒక్క మాట మాత్రం విను. యంత్రం కూడికలో పొరబడదు. మనం తప్పు అంకె ఎక్కిస్తే మాత్రం ‘ఇదేంటమ్మా’ అని అడగదు. 2019 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయి కదా. తెలుగులో 99 తెచ్చుకున్న అమ్మాయికి సున్నా వచ్చింది. పేపరు దిద్దినవాళ్లు ఓఎంఆర్ షీటులో సున్నాల గడులు నింపారు, సరిచూడాల్సినవాళ్లూ చూడలేదు. పరీక్ష రాసిన కొందరు రానట్టే నమోదయ్యారు. ఆ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన 3 లక్షల పైచిలుకు మంది పేపర్లను ప్రభుత్వం ఉచితంగా మళ్లీ చూపించాల్సి వచ్చింది. అన్ని మెట్లలో ఒక్కరైనా ఆ సున్నా దగ్గర ఆగి, ఈ పిల్ల మిగతా సబ్జెక్టుల్లో ఎలా రాసిందని చూసి ఉంటే!

మీ బడిలోనూ అలాంటి సున్నాలు ఉంటాయి. జ్వరం వచ్చి ఒక పరీక్షకు రాని పిల్లాణ్ణే తీసుకో. మూడింట్లో 80 చొప్పున వచ్చాయి, నాలుగో గడి ఖాళీ. సాఫ్ట్‌వేర్ దాన్ని సున్నాగా లెక్కేస్తే సగటు 60కి పడిపోతుంది. అందుకని మొదటిరోజే ఖాళీ గడిని అదేం చేస్తుందో, ‘ఆబ్సెంట్’ అని విడిగా పెట్టే వీలుందో లేదో కనుక్కో. సబ్మిట్ నొక్కేముందు సున్నాలనూ, పోయినసారికీ ఈసారికీ మరీ తేడా ఉన్నవాళ్లనూ పేపరు తీసి మళ్లీ చూడు.

నువ్వు నొక్కగానే మార్కులు తండ్రి ఫోనుకు వెళ్లిపోతాయన్నావే, అది నాకు కొంచెం భయం. పేపర్లు పిల్లల చేతికిచ్చి, తప్పెక్కడో చెప్పాకే పంపు. ఇంటికెళ్లేసరికి పిల్లాడి దగ్గర చెప్పుకోవడానికి ఒక మాటైనా ఉంటుంది. తెలుగు వ్యాసాలూ కంప్యూటరే దిద్దిపెడుతుందని ఎవరైనా ఆశపెడితే, నవ్వేసి ఎర్రపెన్ను తీసుకో.

పాత రిజిస్టరులో కూడా ఒక కాపీ రాసుకో. పాస్‌వర్డ్ మాత్రం క్లాస్ లీడర్‌కు చెప్పకు, వాడెంత బుద్ధిమంతుడైనా సరే.