సారాంశం ఎవరిది?

పరిశోధనని సదస్సుకి పంపడం నైతిక సమస్య ఎలా అవుతుందని కొందరు మిత్రులు అడిగారు. ఫారం నింపడం, గడువులోగా పంపడం, ఎంపికైతే సెలవు పెట్టి వెళ్ళి చదివి రావడం, ఇంతే కదా అని వాళ్ళ ఉద్దేశం. పిహెచ్‌డికి ఇన్ని సదస్సులు, ఉద్యోగానికి ఇన్ని మార్కులు అనే లెక్కలు వచ్చాక సారాంశం రాయడం గుమాస్తా పనిలా తయారైంది. నాకు మాత్రం మొత్తం పరిశోధనలో నైతికంగా అన్నిటికన్నా ఇరుకైన చోటు అదేననిపిస్తుంది. పుస్తకంలో ఒక మాట తొందరపడి రాస్తే పక్క పేజీలో దాన్ని సవరించుకోవచ్చు, సందేహం వెలిబుచ్చవచ్చు. 250 మాటల్లో సందేహానికి చోటుండదు.

సామాజిక మనస్తత్వశాస్త్ర సదస్సుల్లో ఈ తంతు మరీ బిగుతు. ఉద్దేశం, పద్ధతి, ఫలితం, ముగింపు అని సాధారణంగా గళ్ళుంటాయి. ఎంతమందిని అడిగారో, ఏ కొలమానం వాడారో, తేడా ఎంత తేలిందో చెప్పాలి. చాలాచోట్ల రాసినవాళ్ళ పేరు తీసేసి ఇద్దరు ముగ్గురు రివ్యూయర్లకి పంపుతారు. ఇది మంచిదే. ఇంటిపేరు చూసి, కాలేజీ పేరు చూసి కాగితం పక్కన పడేసే చోట బతుకుతున్నాం కదా. అయితే పేరుతోపాటు మరొకటి కూడా చెరిగిపోతుంది. రాసిన మనిషికీ, ఆమె ఎవరి గురించి రాసిందో వాళ్ళకీ ఉన్న చుట్టరికం.

నాకీ ఆలోచన ఒక చిత్తుప్రతి చదివాక మొదలైంది. అశ్వారావుపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న ఒక కోయ అమ్మాయి రాసిందది. ఆ ప్రాంతం తెలిసినవాళ్ళకి దారి గుర్తుంటుంది. సత్తుపల్లి దాటాక పామాయిల్ తోటలు, జీడిమామిడి తోటలు, ఇంకాస్త పోతే ఆంధ్రా సరిహద్దు. ఒకప్పటి ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. ఈ నియోజకవర్గంలోనే ఉండిన కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో పోలవరం ముంపు పేరుతో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. (రాష్ట్రం మారడం మీకిష్టమేనా అని అక్కడి ఆడవాళ్ళని ఏ ప్రశ్నావళీ అడిగినట్టు లేదు.) ఈ అమ్మాయి 23 మంది స్త్రీలతో మాట్లాడింది. పోడు చేసుకునేవాళ్ళు, ఎండాకాలం తునికాకు కోసేవాళ్ళు, తోటల్లో కూలికి పోయేవాళ్ళు. అందులో సగం మంది ఆమెకి పిన్నులూ, అత్తలూ, వదినలూ అవుతారు. చిత్తుప్రతిలో ముగింపు ఇలా ఉంది: ఆదివాసీ స్త్రీలలో ఆత్మగౌరవ స్థాయి తక్కువగా ఉంది, సాధికారతా శిక్షణ అవసరం.

ఆమె వాడిన కొలమానం మోరిస్ రోజెన్‌బర్గ్‌ది. 1965లో వచ్చిన ఆయన పుస్తకానికి ఆధారం న్యూయార్క్ రాష్ట్రంలోని 5 వేల పైచిలుకు హైస్కూలు పిల్లలు. పది వాక్యాలు, ఒక్కోదానికి బాగా ఒప్పుకుంటాను దగ్గర్నుంచి అసలు ఒప్పుకోను దాకా నాలుగు మెట్లు. ప్రపంచంలో చాలా భాషల్లోకి వెళ్ళింది. తెలుగులోకి వచ్చి పల్లెలో ఆడవాళ్ళ ముందు నిలబడేసరికి ఏమవుతుందో చూడండి. గర్వపడదగ్గవి నాలో పెద్దగా లేవు అనే అర్థంలో ఒక వాక్యం ఉంది. గర్వం మన ఊళ్ళలో తిట్టు. దానికి గర్వమెక్కువ అన్నారంటే ఆ కోడలి పని అయిపోయినట్టే. గర్వపడటం, గర్వకారణం అనేవి పత్రికల్లో, సభల్లో మంచి మాటలయ్యాయిగాని పోడు చేసుకునే ఆడమనిషి వాడుకలోకి ఇంకా రాలేదు. ‘గర్వపడటానికి నాకేముందిలే’ అని ఆమె అంటే అది మర్యాద, కొంత దిష్టి భయం కూడా. కొలమానం దాన్ని లోపంగా లెక్కవేసింది.

ఇంకో వాక్యం తక్కినవాళ్ళతో సమానంగా నాకూ విలువ ఉందనేది. దానికి ఒకామె ఎదురు ప్రశ్న వేసింది. ‘ఎవరితో సమానమే పిల్లా? మొగోళ్ళతోటా, దొరలతోటా, ఫారెస్టోళ్ళతోటా?’ ఆ అమ్మాయి ఆ మాటని కాగితం అంచున పెన్సిలుతో రాసుకుంది, ఏ గడిలోనూ పట్టలేదు గనక. మొత్తం కాగితాల్లో శాస్త్రం అనదగ్గది ఆ పెన్సిలు రాతేనని నేనంటాను. మనిషి తనని తాను ఎవరి పక్కన నిలబెట్టి చూసుకుంటుంది అనేది సామాజిక మనస్తత్వశాస్త్రంలో పునాది ప్రశ్నల్లో ఒకటి. లియోన్ ఫెస్టింజర్ 1954లో దానిమీదే సామాజిక పోలిక సిద్ధాంతం రాశాడు. ఆ ప్రశ్ననే ఆమె అడిగింది. కొలమానం మాత్రం జవాబు ఇవ్వలేదని నమోదు చేసుకుంది.

అసలు ఆత్మగౌరవం అనే మాటలోనే చిక్కుంది. 1982లో ఎన్టీ రామారావు తెలుగువాళ్ళ ఆత్మగౌరవం అన్నప్పుడూ, తర్వాత తెలంగాణ ఉద్యమంలో అదే మాట మోగినప్పుడూ, దళిత ఉద్యమం దాన్ని తన మాటగా పలికినప్పుడూ, దానర్థం ఒకరి ముందు తలవంచకపోవడం. అది నలుగురి మధ్య, ఎదుటివాడి ముందు తేలే విషయం. అమెరికా పాఠ్యపుస్తకంలోని భావన మనిషి లోపల, తన గురించి తనకున్న అభిప్రాయం. రెండిటికీ ఒకే తెలుగు మాట తగిలించాక, ఫారెస్టువాళ్ళు పోడు మీదికొస్తే అడ్డంగా నిలబడ్డ స్త్రీని ఆత్మగౌరవం తక్కువ మనిషి అని ఇంగ్లీషు సారాంశంలో రాయడం సాధ్యమైపోయింది.

పరిస్థితిని గుణంగా మార్చడం ఆ అమ్మాయి కనిపెట్టింది కాదు, ఆమెకి నేర్పింది. తెలుగు నేలమీద దీనికి పాత చరిత్రే ఉంది. హార్వర్డ్‌కి చెందిన డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం 1964-65లో కాకినాడ వ్యాపారస్థులకి హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో సాధనా ప్రేరణ శిక్షణ ఇప్పించింది. పోల్చి చూడటానికి రాజమండ్రిని ఎంచుకున్నారు. శిక్షణ పొందినవాళ్ళు మరింత చురుగ్గా వ్యాపారం చేశారని డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో పుస్తకం వేశాడు. బీదతనానికి మూలం కొంత మనసులో ఉంది, మనసుని మారిస్తే ఆర్థికం మారుతుంది అనేది దాని వెనకున్న నమ్మకం. అందులో కాకినాడ అంటే వ్యాపారం చేసే మగవాళ్ళు. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళ పని, వాళ్ళ నగలు, వాళ్ళ కట్నాలు పెట్టుబడిలో ఎక్కడ కలిశాయన్నది ఆ ప్రయోగం అడిగిన ప్రశ్న కాదు.

ఈ ప్రేరణ పరిశోధనలో స్త్రీలు ఏమయ్యారని అడిగింది మిషిగన్ విశ్వవిద్యాలయంలో మటీనా హార్నర్. 1960ల చివర్లో ఆమె విద్యార్థినులకి ఒక మొదటి వాక్యం ఇచ్చి కథ పూర్తి చేయమంది. అందులో యాన్ అనే అమ్మాయి వైద్య కళాశాలలో తరగతిలో మొదటి స్థానంలో వచ్చింది. చాలామంది యాన్‌కి చెడు జరిగేలా రాశారు. స్త్రీలకి విజయమంటే భయం అని హార్నర్ సిద్ధాంతం చేసింది, అది ఎంతో ప్రచారంలోకి వచ్చింది. 1974లో మొనహాన్, కూన్, షేవర్ అనే ముగ్గురు అదే వాక్యాన్ని మగపిల్లలకి కూడా ఇచ్చారు. వాళ్ళు యాన్‌కి ఇంకా చెడ్డ కథలు రాశారు. అంటే ఆ కథల్లో ఉన్నది స్త్రీ లోపలి భయమని అనుకోనక్కర్లేదు. తరగతిలో మొదటొచ్చిన ఆడపిల్లని లోకం ఏం చేస్తుందో అందరికీ తెలిసిన సంగతి. హార్నర్ స్త్రీ, స్త్రీల పక్షాన మాట్లాడిన మనిషి, అయినా పద్ధతి ఆమెని అటువైపు లాగింది. పరిశోధకురాలు స్త్రీ అయినంత మాత్రాన పద్ధతి స్త్రీవాదం కాదని మనం తరచూ అనుకుంటాం. ఆదివాసీ పరిశోధకురాలి విషయంలోనూ అంతే, ఈ మాట అనడానికి కాస్త కష్టంగా ఉన్నా.

గుణం అని రాస్తే ఏం పోయింది అంటారా? చికిత్స మారిపోతుంది. లోపం స్త్రీ మనసులో ఉందని తేలితే ఆమెకి మూడురోజుల శిక్షణ, ఒక బ్యాగు, ఒక పెన్ను, భోజనం. 2006 అటవీ హక్కుల చట్టం పెళ్ళయినవాళ్ళకి భార్యాభర్తలిద్దరి పేరునా హక్కుపత్రం ఇవ్వాలంటుంది. ఆ పత్రం ఎవరి పేరున వచ్చింది, ఎన్ని ఎకరాలు సాగుచేస్తే ఎంతకి వచ్చింది అనేవి శిక్షణ జాబితాలో ఉండవు. శిక్షణ ఇచ్చే అధికారికి, పత్రం ఆపిన అధికారికి ఆ సారాంశం ఎంత సౌకర్యంగా ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు అంగీకారం సంగతి. సదస్సు ఫారంలో నైతిక అనుమతి తీసుకున్నారా అని ఒక చిన్న గడి ఉంటుంది, టిక్కు పెట్టాలి. ఖమ్మం జిల్లా ఆడపిల్లల విషయంలో అలాంటి టిక్కుల చరిత్ర మనం మర్చిపోకూడదు. 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు అది. చాలామంది హాస్టల్లో ఉండే ఆదివాసీ, దళిత పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు వందలూ వేలూ వార్డెన్లూ, హెడ్మాస్టర్లూ పెట్టారు. 2010 మార్చిలో సమ అనే స్త్రీల ఆరోగ్య బృందం భద్రాచలం వచ్చి చూసింది, ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. చనిపోయిన పిల్లల మరణాలకి టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ చెప్పింది. అది అలా ఉంచినా, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం అంగీకారం తీసుకున్న తీరుని తీవ్రంగా తప్పుపట్టింది. అశ్వారావుపేట ఆ మూడు మండలాల్లో లేదు, కానీ అప్పటికి అదే జిల్లా.

ప్రశ్నావళి సూది కాదు, ఒంట్లోకి ఏదీ ఎక్కదు. అయినా వార్డెను సంతకం దగ్గర మొదలయ్యే ప్రశ్న సారాంశం దాకా సాగుతుంది. పిన్ని వేలిముద్ర వేసింది తన కష్టసుఖాలు చెప్పడానికి. తన గురించి ఎవరో రాయబోయే ముగింపుకి కూడా ఆ వేలిముద్ర చెల్లుతుందా? చట్టం చెల్లుతుందంటుంది. నేను చెల్లదనుకుంటాను. మాట ఇవ్వడం వేరు, ఆ మాటతో తనమీద తీర్పు రాసే హక్కు ఇవ్వడం వేరు.

అయితే అసలు పంపకపోవడమే మేలంటారు కొందరు. దానితో నాకు ఏకీభావం లేదు. మనం రాయకపోతే ఇంకెవరో రాస్తారు. కొండరెడ్ల గురించి హైమండార్ఫ్ 1945లోనే పుస్తకం వేశాడు, ఆ తర్వాతా వస్తూనే ఉన్నారు. అంకెలంటే నాకు పగ కూడా లేదు. మేమీ ఫిప్స్ క్లార్క్ అనే నల్లజాతి స్త్రీ ఎం.ఏ. సిద్ధాంత వ్యాసంతో మొదలైన బొమ్మల ప్రయోగాలు 1954లో అమెరికాలో పాఠశాలల వేర్పాటుని కొట్టేసిన తీర్పులో పనికొచ్చాయి. ఆ గెలుపుకి కట్టిన వెల, నల్లపిల్లల మనసు దెబ్బతిన్నదని లోకం ముందు రుజువు చేయాల్సి రావడం. ఈవ్ టక్ అనే అలాస్కా ఆదివాసీ పండితురాలు 2009లో సరిగ్గా ఈ బేరం గురించే రాసింది. మా గాయాలు చూపిస్తాం, బదులుగా ఏదో ఇవ్వండి అనే బేరంలో గాయం పేరే మిగిలిపోతుందని ఆమె బాధ. 2015లో 270 మంది పరిశోధకులు కలిసి మనస్తత్వశాస్త్రంలో అచ్చయిన 100 ప్రయోగాలని మళ్ళీ చేసి చూస్తే మూడోవంతు పైచిలుకు మాత్రమే నిలబడ్డాయి. అచ్చైనవాటి సంగతే అలా ఉంటే, 23 మంది మీద కట్టిన ‘స్థాయి’కి అంత ధీమా ఎక్కడిది?

ఆ అమ్మాయి చేసిన పని నాకు నచ్చింది. గడువుకి పదిరోజులుండగా ఊరెళ్ళి, చిత్తుప్రతిని తెలుగులో, ముసలివాళ్ళకి కోయలో చదివి వినిపించింది. కోపాలొస్తాయని భయపడింది. రాలేదు. ఒకామె, ‘ఇందులో పట్టా మాటేది?’ అంది. ఇంకొకామె తన కాగితం తీసేయమంది, కారణం చెప్పలేదు. తీసేసింది. 23 కాస్తా 22 అయింది. కొత్త సారాంశంలో ఫలితం గడిలో స్త్రీల స్థాయి లేదు. ఈ కొలమానం ఈ ఊళ్ళో ఎందుకు పనిచేయదు, గర్వం అనే మాట దగ్గర, సమానం అనే మాట దగ్గర ఏం జరిగింది అని ఉంది. ముగింపులో హక్కుపత్రాల సంగతి వచ్చింది. ఒక రివ్యూయరు నమూనా చిన్నది, అందరికీ వర్తింపజేయలేం అన్నారు. నిజమే, మొదటి చిత్తుప్రతికీ ఆ మాట వర్తించేది. ప్రసంగం ఇవ్వలేదు, పోస్టరుకి తీసుకున్నారు.

మిగిలిన చిక్కు పేరు. ఎవరితో సమానమని అడిగినామె తన ప్రశ్న కింద తన పేరు వేయమంటోంది. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ వేసినప్పుడు తెలంగాణ పోరాటపు స్త్రీలు తమ పేర్లతోనే మాట్లాడారు. మనస్తత్వశాస్త్రం నియమాలు పేరు దాచమంటాయి, రక్షణ కోసం. ఆమె ఆ రక్షణ వద్దంటోంది. అయితే ఆమె పేరు బయటపడితే అది చిన్న ఊరు గనక మిగతా 21 మందినీ పోల్చుకోవడం కష్టం కాదు. వాళ్ళనీ అడగాలి. పోస్టరు అడుగున కృతజ్ఞతల దగ్గర వేయొచ్చా అని ఆ అమ్మాయి నైతిక కమిటీకి ఉత్తరం రాసింది. జవాబు ఇంకా రాలేదు.