కొవ్వాడ ప్రశ్న: సమ్మతి, నష్టపరిహారం

అణుశక్తి మంచిదా, చెడ్డదా అనే ప్రశ్న మన సభల్లో చాలాకాలంగా నలుగుతూనే వుంది. దానికి భౌతికశాస్త్రం కొంతవరకు జవాబు చెప్పగలదు. కాని శాస్త్రం చెప్పలేని ప్రశ్న మరొకటి వుంది. పదిమంది మేలుకోసం ఒకణ్ణి ప్రమాదంలో నిలబెట్టే హక్కు ఆ పదిమందికీ ఎక్కణ్ణుంచి వచ్చింది? శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ ఈ ప్రశ్నను మన ముందు పెడుతున్నది.

కేంద్ర ప్రభుత్వం 2009లో కొవ్వాడ తీరాన్ని అణువిద్యుత్ కేంద్రానికి సూత్రప్రాయంగా ఖాయం చేసింది. తర్వాత, అమెరికాకు చెందిన వెస్టింగ్‌హౌస్ కంపెనీ రియాక్టర్లు ఆరు, ఒక్కొక్కటి 1,208 మెగావాట్లది, అక్కడ పెడతామన్నారు. ఇవి మొదట గుజరాత్‌లోని మీఠీ విర్దికి ఉద్దేశించినవి. అక్కడి రైతులు ససేమిరా అన్నారు. అవి కొవ్వాడకు మళ్లాయి. ఒక పల్లె వద్దన్న వస్తువు మరొక పల్లెకు అభివృద్ధి ఎలా అవుతుందో ఎవరూ చెప్పలేదు.

కొందరు మిత్రులు అనవచ్చు: బొగ్గుపొగ కంటే ఇది నయం కాదా? నిజమే. నడిచే అణు రియాక్టరు బొగ్గుపులుసు వాయువును వదలదు. భూగోళం వేడెక్కుతున్న రోజుల్లో ఇది కొట్టిపారేయదగిన వాదం కాదు. విజ్ఞానాన్ని చూసి బెదరడం అభ్యుదయమూ కాదు. అయితే ఇదే జిల్లాలో బొగ్గు విద్యుత్ కేంద్రాలు వద్దని 2010 జులైలో సోంపేటలోనూ, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ జనం పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. బొగ్గయినా, అణువైనా వాళ్ల నడిగినవాడు లేడు. కనుక అసలు తగాదా ఇంధనం గురించి కాదు, నిర్ణయం గురించి.

అణు కేంద్రానికి చోటు వెదికేటప్పుడు జనం పలచగా వున్న ప్రాంతం చూడాలన్నది నియమం. ప్రమాదం వస్తే తక్కువమందికి నష్టం. లెక్కగా చూస్తే సబబే. కాని ఆ లెక్క వేసినవాళ్లు అందులో అంకెలు కారు. అంకెలైనవాళ్లు లెక్క వేయలేదు. మన నల్లగండ్లనే చూడండి. నిన్నమొన్నటి పల్లె ఇవాళ ఆకాశాన్నంటే అపార్టుమెంట్ల వరస. లిఫ్టు ఆగితే అక్కడ బతుకు ఆగుతుంది. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్డు దేశపు గ్రిడ్డుతో కలిసింది. గోడలోని ప్లగ్గుకు తన కరెంటు ఏ తీరం నుంచి వచ్చిందో తెలియదు. మనకూ తెలియదు, ఆ తెలియకపోవడమే మన సుఖం.

నష్టపరిహారం ఇస్తున్నారు కదా అంటారు. పరిహారం పోయిన వస్తువుకు వెల. సమ్మతి మనిషి మాట. ఒకటి మరొకదానికి బదులు కాదు. వద్దనే హక్కు వున్నప్పుడే ఔననడానికి అర్థం వుంటుంది. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రయివేటు కంపెనీకి భూమి కావాలంటే నష్టపోయే కుటుంబాల్లో 80 శాతం సమ్మతి వుండాలన్నది. ప్రభుత్వం తన సంస్థకోసం తానే తీసుకుంటే ఆ సమ్మతి అక్కరలేదట! ప్రభుత్వరంగం అనగానే ప్రజలదే అనుకునే మనం ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. పైగా, మత్స్యకారుడికి సముద్రమే పొలం. దానికి పట్టా లేదు. దస్తావేజు లేని జీవనాధారానికి వెల కట్టడం ఎలా?

మన వాదంలోనూ ఒక వైరుధ్యం వుంది. కూడంకుళంలో రష్యా రియాక్టర్లు రెండు నడిచాక మరి నాలుగింటికి పునాదులు వేస్తే విజ్ఞానమనీ, కొవ్వాడకు అమెరికా రియాక్టర్లు వస్తే సామ్రాజ్యవాదమనీ అనడం నీతి కాదు, పక్షపాతం. 1986లో చెర్నోబిల్ సోషలిస్టు రాజ్యంలో పేలింది. 2011లో ఫుకుషిమా పెట్టుబడిదారీ దేశంలో. రెండుచోట్లా ఇళ్లు వదిలి నడిచినవాళ్లు సామాన్యులే.

అలాగని పెట్టుబడి పాత్ర తక్కువేమీ కాదు. సామగ్రి లోపంవల్ల ప్రమాదం జరిగితే సరఫరాదారుణ్ణి నిలదీసే హక్కును 2010 నాటి చట్టం ఇచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం ఆ నిబంధనను తొలగించి, ప్రయివేటు కంపెనీలకు తలుపు తెరిచింది. భయం లేదని చెప్పేవాడే పూచీ పడనంటే, ఆ మాటను కొవ్వాడ మనిషి ఎందుకు నమ్మాలి?

2019లో నల్లమలలో యురేనియం వద్దని చెంచులు మొరపెట్టినప్పుడు హైదరాబాదు గొంతు కలిపింది. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ గొంతు కొవ్వాడ విషయంలో ఎందుకు పెగలదు? రియాక్టరు కావాలా వద్దా అన్నది నల్లగండ్లలో కూర్చుని మనం తేల్చవలసిన సంగతి కాదు. కొవ్వాడ వద్దంటే ఆ మాట చెల్లాలి అనడం మాత్రం మన బాధ్యత. వెలుగు అనుభవించేవాడికి ఇంతకంటే చిన్న బాధ్యత వుండదు.