తట్టని తలుపు

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:1–3, నిర్గమకాండము 23:4



గడచిన వేసవిలో ఒక ఉదయము, చెన్నై పెరంబూరులో మేము కాపురముండే ఇంటి మెట్ల క్రింద ఒక తెల్ల కుందేలు ముడుచుకొని కూర్చున్నది. వీధి కుక్కలు రెండు అప్పటికే అక్కడ తిరుగుచున్నవి. కుందేలును చెవులు పట్టి ఎత్తరాదు గనుక ఒక చేయి రొమ్ము క్రింద, ఒక చేయి వెనుక కాళ్ల క్రింద ఉంచి లోపలికి తెచ్చాను. నీడపట్టున ఉంచి, నీళ్లు, గరిక పెట్టాము.

"తాతయ్యా, ఎవరూ రాలేదు గదా, మనమే పెంచుకుందాం" అన్నాడు మనుమడు.

నేను బడిపంతులుగా పనిచేసినవాడను. వానికి ఇట్లు చెప్పాను: "మన పొలాల్లో తిరిగే అడవి కుందేలు మట్టిరంగులో ఉంటుంది. అది వేరే జాతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టి పెంచకూడదు. ఈ తెల్లది ఐరోపా కుందేలు సంతతి, తరతరాలుగా మనుషుల చేతుల్లో పెరిగింది. బయట బ్రతకటం దీనికి తెలియదు, ఎండకు తాళలేదు. కాబట్టి దీనికి ఎక్కడో ఒక ఇల్లు ఉంది, దీనికోసం ఎవరో వెదుకుతుంటారు."

ప్రియులారా, ఈ సంగతిని గూర్చి ధర్మశాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది. సహోదరుని పశువు త్రోవ తప్పినట్లు కనబడితే చూడనట్లు తొలగిపోరాదు. అతడు దూరమున ఉన్నను, ఎవరో తెలియకపోయినను, దానిని నీ ఇంటికి తోలుకొనిపోయి, అతడు వెదకుచు వచ్చువరకు కాపాడి అప్పగించవలెను. మేత నీది, శ్రమ నీది, సొత్తు మాత్రము అతనిది. "కుందేలు అపవిత్ర జంతువుల పట్టికలో ఉన్నది గదా" అని ఒకరు అనవచ్చు. లేవీయకాండము 11:6లో ఆ మాట నిజమే. అయితే అది తినుటను గూర్చిన ఆజ్ఞ. ఇక్కడ మూడవ వచనములో గాడిద పేరు కూడ ఉన్నది. అదియు తినదగినది కాదు. అయినను దానిని తిరిగి అప్పగించవలసినదే.

ఇంతవరకు నేను వాక్యప్రకారమే నడచుచున్నానని తలంచాను. ఆరిళ్ల తలుపులు తట్టాను. వీధివారి వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టించాను. ఎవరూ తమదనలేదు. రెండవనాటి రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు నా భార్య, "ఏమండీ, వెనకింటివాళ్లను అడిగారా?" అన్నది.

నేను జవాబు చెప్పలేదు. వాన నీటి కాలువ విషయమై ఆ ఇంటివారికిని మాకును మాటలు లేక ఏడాదిన్నర అయినది. ఆ గొడవ తరువాత వారు గ్రూపులోనుండి కూడ వెళ్లిపోయారు. కుందేలును చూచి కన్నులు మూసికొనలేదు గాని, ఆ తలుపును చూచి మూసికొన్నాను.

మరునాడు తెల్లవారగనే వెళ్లి, కుందేలు ఏదైనా తప్పిపోయినదా అని తమిళములో అడిగాను. 'ముయల్' అను మాట నా నోట పడగానే లోపలినుండి ఒక చిన్నపిల్ల పరుగెత్తి వచ్చినది. రెండు రోజులుగా వారు వీధులన్నీ వెదకారట. మా గుమ్మము మాత్రము వారును తట్టలేదు.

కాలువ సంగతి ఇంకను తేలలేదు. అయితే ఇప్పుడు కూర్చుండి మాటలాడుకొనుచున్నాము.

ద్వితీయోపదేశకాండము 'సహోదరుడు' అన్నచోట నిర్గమకాండము 'శత్రువు' అనుచున్నది. చేయవలసిన పని మాత్రము ఒక్కటే. మన హృదయము ఏ ఇంటిని దాటిపోవునో దేవునికి ముందే తెలియును.

మన పెద్దలు రైలు పనులకును మిల్లులకును గనులకును పరభాషల వారి మధ్యకు వచ్చినప్పుడు, ఎవరో ఒకరు తలుపు తీసినందుననే మనము నేడు ఇక్కడ ఉన్నాము. మరి మన సంఘములలో ఎన్నికల తగవు వలననో పెండ్లి మాటల వలననో మందిరమునకు రావడము మానిన కుటుంబములు లేవా? "వారి కొరకు ప్రార్థించుచున్నాము" అని చెప్పుచున్నాము. వారి గుమ్మము ఎక్కి ఎన్నాళ్లయినది? లూకా 15లోని కాపరి తొంబది తొమ్మిదింటిని విడిచి, తప్పిపోయిన ఒక్క గొఱ్ఱెను వెదకుచు తానే నడచివెళ్లెను. అది తనంతట తానే వచ్చునని మంద యొద్ద కూర్చుండలేదు.

ఈ వారము మీరు దాటిపోవుచున్న తలుపు ఏదో ప్రభువు మీకు చూపును గాక. దానిని తట్టుటకు కావలసిన తగ్గింపును మీకును నాకును దయచేయును గాక. ఆమేన్.