కంచె లోపలి తెర: ధహ్రాన్ సినిమా హాలు, ఒక ధర్మసందేహం

సౌదీ అరేబియా తూర్పున ఉన్న ధహ్రాన్‌కు సినిమా చమురు వెంట వచ్చింది. 1933లో సౌదీ రాజు అబ్దుల్ అజీజ్ ఒక అమెరికన్ కంపెనీకి చమురు తవ్వుకునే హక్కు ఇచ్చాడు. 1938 మార్చిలో దమ్మామ్ 7వ నంబరు బావిలో చమురు పడింది. ఆ బావి దగ్గర, ఎడారి గుట్టల మీద కంచె వేసిన కంపెనీ ఊరు లేచింది. తర్వాత అరామ్‌కోగా పేరు మారిన ఆ కంపెనీ తన అమెరికన్ సిబ్బందికి ఇళ్లు, బడి, ఈతకొలనుతో పాటు సినిమా హాలు కూడా ఏర్పాటు చేసింది. 1980ల ఆరంభం నుంచి 2018 దాకా సౌదీ అరేబియాలో మామూలు జనం టికెట్టు కొనుక్కుని కథాచిత్రం చూసే హాలు లేదు. ధహ్రాన్ కంచె లోపల మాత్రం తెర వెలుగుతూనే ఉంది. దేశం ఒకటే, షరియా అనే ఇస్లామీ ధర్మశాస్త్రం ఒకటే. కంచెకు అటు తప్పయినది ఇటు ఎలా ఒప్పయింది? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు మతపెద్దల అభ్యంతరం దేని మీదో తెలుసుకోవాలి.

ఇస్లాంలో ప్రాణుల బొమ్మలు చేయడాన్ని తప్పుపట్టే హదీసులు, అంటే ప్రవక్త మాటలుగా చెప్పుకునే ఉల్లేఖనాలు, ఉన్నాయి. బొమ్మ చేసినవాణ్ణి ప్రళయదినాన దానికి ప్రాణం పోయమంటారని, అతను పోయలేడని వాటి సారాంశం. సృష్టి దైవానికే చెందిన పని, మనిషి దాన్ని అనుకరించరాదన్నది ఇందులోని భావం. దాని వెనక విగ్రహారాధన భయం కూడా ఉంది. కెమెరా రాగానే కొత్త చిక్కు వచ్చింది. ఫొటో మనిషి చేసిన బొమ్మా, లేక అద్దంలో పడిన నీడను పట్టి ఉంచడమా? ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ అది నీడను నిలిపి ఉంచడమేనని, కొత్త సృష్టి కాదని వాదించాడు. సౌదీ పండితుడు ఇబ్న్ బాజ్ ఒప్పుకోలేదు. పాస్‌పోర్టు వంటి తప్పనిసరి అవసరాలకే ఫొటోను అనుమతించాడు. ఇద్దరూ ఆధారపడింది ఒకే మూలాల మీద.

తెలుగువారికి ఈ వాదం వింతగా తోచడం సహజం. తెలుగు టాకీ పుట్టిందే 1932లో ‘భక్త ప్రహ్లాద’తో. ఎన్.టి.రామారావు కృష్ణుడిగా తెర మీదికి వస్తే హారతులిచ్చిన ప్రేక్షకులున్నారు. అక్కడ బొమ్మను చూడటం దర్శనం. భక్తుడు దేవుణ్ణి చూస్తాడు, దేవుడూ భక్తుణ్ణి చూస్తాడు. ఒక సంప్రదాయం బొమ్మలోకి దేవుణ్ణి ఆహ్వానిస్తే, మరొకటి దేవుడి గొప్పతనానికి బొమ్మ సరితూగదని దాన్ని దూరం పెట్టింది. రెంటికీ మూలం భక్తే. సినిమాను శంకించిన మతపెద్దలను మూర్ఖులని కొట్టిపారేస్తే వాళ్లను ఆ శంకకు నడిపిన భక్తి కనిపించకుండా పోతుంది.

అయితే ధహ్రాన్ చరిత్రలో మతానికి సంబంధం లేని మరో నిషేధం ముందే ఉంది. కంపెనీ తన మనుషులను మూడు అంతస్తులుగా విడదీసింది. అమెరికన్ల శిబిరం వేరు, భారతీయులు, పాకిస్తానీలు, ఇటాలియన్ల వంటి వారిది వేరు, సౌదీ కార్మికులది వేరు. మంచి ఇళ్లు, భోజనశాల, సినిమా హాలు వంటి వసతులు పై అంతస్తువారివి. ఈ వివక్షను చరిత్రకారుడు రాబర్ట్ విటాలిస్ ‘అమెరికాస్ కింగ్‌డమ్’లో వివరంగా రాశాడు. 1953 అక్టోబరులో వేలాది మంది కార్మికులు సమ్మెకు దిగారు. జీతాలతో పాటు వాళ్ల బాధలో ఈ తేడా కూడా ఉంది. ఆ రోజుల్లో ఆ హాలు తలుపు దగ్గర సౌదీ కార్మికుణ్ణి ఆపింది ఫత్వా కాదు, అతని అంతస్తు.

ఆ తర్వాత బొమ్మ కంచె దాటింది, కానీ హాలు దాటలేదు. 1957లో, ‘మాయాబజార్’ వచ్చిన సంవత్సరమే, అరామ్‌కో ధహ్రాన్ నుంచి అరబీ టీవీ ప్రసారాలు మొదలుపెట్టింది. కత్తిరింపుల తర్వాతే అయినా సినిమాలు చుట్టుపక్కల ఊళ్ల ఇళ్లలోకి చేరాయి. 1965లో రాజు ఫైసల్ దేశానికి టీవీ తెచ్చినప్పుడు ప్రతిఘటన వచ్చింది. ఆ గొడవలో రాజవంశీకుడు ఖాలిద్ బిన్ ముసాయిద్ ప్రాణం పోయింది. టీవీ మాత్రం నిలిచింది. 1979 నవంబరులో మక్కా మస్జిదును ఆక్రమించిన, జుహైమాన్ అనే తిరుగుబాటుదారు నడిపిన ముఠా టీవీని, నోట్ల మీద రాజు బొమ్మను కూడా తప్పుపట్టింది. ఆ తిరుగుబాటును అణచిన ప్రభుత్వమే తర్వాత మతపెద్దల పట్టుకు మరింత చోటిచ్చింది. జిద్దా, తాయిఫ్‌లలో క్లబ్బుల్లో, ఇళ్ల ఆవరణల్లో సాగిన ప్రదర్శనలు మూతపడ్డాయి.

తర్వాతి ముప్పై అయిదేళ్లకు పైగా ఇల్లే హాలు. వీడియో క్యాసెట్లు, ఆ తర్వాత డిష్ యాంటెన్నాలు. ధహ్రాన్ పక్కనున్న ఖోబర్, దమ్మామ్‌లలో బతుకుతెరువు వెతుక్కున్న తెలుగు, మలయాళ కుటుంబాలకు పెద్ద తెర అంటే సముద్రం అవతలి బహ్రెయిన్. 1986లో తెరుచుకున్న సుమారు 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ వంతెన దాటాలి. విదేశీయులకు ముందుగా, దేశం దాటి తిరిగి రావడానికి, ఎగ్జిట్ రీఎంట్రీ వీసా ఉండాలి. సౌదీలూ వారాంతాల్లో ఆ దారే పట్టేవారు.

2017 జనవరిలో ప్రధాన ముఫ్తీ అబ్దుల్ అజీజ్ ఆల్ అష్షేఖ్ సినిమా హాళ్లు చెడుకు దారితీస్తాయని, స్త్రీపురుషుల కలయికకు తావిస్తాయని హెచ్చరించారు. ఆ మాట ఆయన చెప్పింది టీవీ కార్యక్రమంలో. అంటే ప్రాణుల బొమ్మ మీది పాత అభ్యంతరం అప్పటికే వెనక్కి తగ్గింది. మిగిలింది చీకట్లో, పరాయివాళ్ల పక్కన, ఒకేచోట కూర్చోవడం మీది అభ్యంతరం. ఇస్లామీ న్యాయశాస్త్రంలో ఇలాంటి తర్కానికి ‘సద్ద్ అల్ జరాయి’ అని పేరు. తనంత తానుగా పాపం కాని పనినైనా పాపానికి దారి అవుతుందని మూసేయడం. ఈ సూత్రంలో బలముంది. హానిని ముందే ఆపడం ఏ ధర్మానికైనా బాధ్యతే. కానీ ఆ హాని నిజంగా జరుగుతోందా అని ఎప్పటికప్పుడు చూసుకోవాలి. కొలవకుండా మూసిన దారి అలవాటుగా మిగిలిపోతుంది. ధహ్రాన్ శిబిరంలో మూడు తరాలు సినిమా చూశాయి. ఆ అనుభవాన్ని తూచి చూడటానికి వాదనలో చోటే దొరకలేదు.

కంచె ఇచ్చిన మినహాయింపు ధర్మనిర్ణయం కాదు, సర్దుబాటు. నైపుణ్యం కావాలి కనుక పరాయివాడి అలవాటును సహించారు, ఆ సహనాన్ని సొంతవాడికి ఇవ్వలేదు. నిజంగా ఆత్మకు హాని చేసేదే అయితే కంచె లోపలి మనిషి ఆత్మ గురించీ చింతించాలి. చేయనిదైతే బయటి మనిషికి అడ్డెందుకు?

2017 డిసెంబరు 11న ప్రభుత్వం హాళ్లకు అనుమతి ప్రకటించింది. 2018 ఏప్రిల్ 18న రియాద్‌లో ‘బ్లాక్ పాంథర్’తో మొదటి హాలు తెరుచుకుంది. మార్చింది ప్రభుత్వ నిర్ణయం. హదీసులు, వాటి మీద పండితుల వ్యాఖ్యానాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏ సినిమా చూడాలి, ఎవరితో చూడాలి అన్న నిర్ణయం మళ్లీ విశ్వాసి చేతికే వచ్చింది.

ధహ్రాన్‌లో ఆ 7వ నంబరు బావి సమీపంలోనే అరామ్‌కో కట్టించిన ఇథ్రా కేంద్రం ఉంది. అందులో సినిమా హాలు ఉంది. 2008లో దమ్మామ్‌లో మొదలైన సౌదీ చలనచిత్రోత్సవం ఇప్పుడు అక్కడే జరుగుతోంది. ఆ తెర మీద ఆడుతున్నవి సౌదీ యువతీయువకులు తీసిన సినిమాలు.